మనసు కట్టే లోకం: ఇంట్లోనే చేసి చూసుకోవడం ఎలా?

జంషెడ్‌పూర్‌లో పాతకాలం నుంచి ఉన్నవాళ్లను ఎవరిని కదిపినా రాత్రిపూట ఆకాశం ఉన్నట్టుండి ఎర్రబడటం గురించి చెబుతారు. స్టీల్ కార్ఖానాలో కరిగిన స్లాగ్‌ను పారబోసినప్పుడు ఆ వెలుగు పొగ మీద, మబ్బుల మీద పడి చాలా దూరానికి కనిపించేది. శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో అప్పుడే రైలు దిగిన మనిషి దాన్ని చూస్తే ఎక్కడో కొంపలు అంటుకున్నాయనే అనుకుంటాడు. ఇక్కడే పుట్టిన పిల్లాడు ఒకసారి కళ్లు తెరిచి, అటు తిరిగి పడుకుంటాడు. ఇద్దరి కళ్లలోనూ పడిన కాంతి ఒకటే. ఒకరికి వణుకు పుట్టింది, ఒకరికి నిద్ర కూడా చెడలేదు.

ఈ తేడా ఎక్కడ పుట్టిందో వెతకడమే ఈ వ్యాసం పని. మన చైతన్యమే మన వాస్తవాన్ని తీర్చిదిద్దుతుందనే మాట ఇప్పుడు ఎక్కడ చూసినా వినిపిస్తోంది. కొందరు దాన్ని మంత్రంలా జపిస్తారు, కొందరు ఉత్త కబుర్లని కొట్టిపారేస్తారు. నాకు రెండూ తొందరపాటుగానే కనిపిస్తాయి, ఎందుకంటే ఇది నమ్మాల్సిన సంగతో కాదనాల్సిన సంగతో కాదు. చేసి చూడగలిగిన సంగతి. ఇదే జంషెడ్‌పూర్‌లో, టెల్కో కార్ఖానా పక్కనున్న మా గోవింద్‌పూర్‌లో ఒక చిన్న ఇంట్లో, డబ్బు ఖర్చు లేకుండా, సెలవు రోజు సగం పూటలో మొదటి మూడు అడుగులూ పూర్తవుతాయి. మిగతావాటిలో కొన్నిటికి వీధిలోకి రావాలి, మనుషుల మధ్యకు వెళ్లాలి.

మొదలుపెట్టే ముందు ఒక విషయం తేల్చుకుందాం. ఇనుము 1538 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. మనం ఏమనుకున్నా, ఎంత గట్టిగా అనుకున్నా ఆ అంకె మారదు. ఇనుము కరిగే కొలిమి ముందు నిలబడ్డ మనిషికి వేడి ఎంతగా తెలిసింది, ఏది కంటపడింది, దేనికి భయం వేసింది, ఎంతసేపు నిలబడినట్టు అనిపించింది అన్నవి మాత్రం మనిషిని బట్టి మారతాయి. మనం రోజూ బతికేది ఈ రెండో లోకంలో. ఇక్కడ చెప్పేదంతా దాని గురించే.

కావలసినవి: తెల్ల కాగితం, గీతల నోట్‌బుక్, నల్ల పెన్ను, ముఖం చూసుకునే అద్దం, సెకన్ల ముల్లున్న గోడ గడియారం, మూడు గిన్నెలు, ఒక శనగ గింజ. తోడుగా ఇంకొకరుంటే మంచిది. పిల్లలైతే మరీ మంచిది, కనబడాలి కదా అని కనబడిందనరు.

ఒకటో అడుగు: కంట్లో ఉన్న ఖాళీని పట్టుకోండి

తెల్ల కాగితం మీద ఎడమవైపు చిన్న కూడిక గుర్తు వేయండి. దానికి కుడివైపు, సరిగ్గా 8 సెంటీమీటర్ల దూరంలో, శనగ గింజంత నల్ల చుక్క దిద్దండి. ఎడమ కన్ను మూసుకోండి. కుడి కంటితో కూడిక గుర్తునే చూస్తూ ఉండండి. చుక్క ఓరగా తెలుస్తూ ఉంటుంది, దాని మీదికి చూపు పోనివ్వకండి. కాగితాన్ని చేయి చాచినంత దూరం నుంచి మెల్లగా ముఖం వైపు తీసుకురండి. సుమారు 30 సెంటీమీటర్ల దగ్గర చుక్క మాయమవుతుంది. ఇంకా దగ్గరికి తెస్తే తిరిగి వస్తుంది. మొదటిసారి కుదరకపోతే చూపు చుక్క మీదికి జారిందని అర్థం, మళ్లీ చేయండి.

కారణం కంటి నిర్మాణంలోనే ఉంది. రెటీనా నుంచి పది లక్షలకు పైగా నాడీ తంతువులు ఒక కట్టగా కూడి, ఒకచోట కంటిని దాటి మెదడు వైపు వెళతాయి. ఆ చోట కాంతిని పట్టే కణాలు లేవు. అక్కడ పడిన బొమ్మ ఎవరికీ అందదు. ఫ్రాన్స్‌కు చెందిన ఎడ్మ్ మారియాట్ దీన్ని 1660లలోనే కనిపెట్టాడు.

అసలు సంగతి చుక్క మాయమవడం కాదు. ఇప్పుడు ఇదే ప్రయోగాన్ని గీతల నోట్‌బుక్ పేజీ మీద చేయండి. చుక్క పోయిన చోట ఏం కనిపిస్తోంది? నల్లటి గుంట లేదు, తెల్లటి చిరుగూ లేదు. నోట్‌బుక్ గీతలు ఆ చోటు మీదుగా తెగకుండా సాగిపోతున్నట్టే కనిపిస్తాయి. రంగు కాగితం మీద చేస్తే అదే రంగు పరుచుకుంటుంది. అక్కడ ఏముందో కన్ను మెదడుకు చెప్పలేదు. చుట్టుపక్కల ఉన్నదాన్ని బట్టి ఇదీ ఉండి ఉంటుందని మెదడు నింపేసింది, నింపానని మనతో చెప్పలేదు. మీరు పుట్టినప్పటి నుంచి మెలకువగా ఉన్న ప్రతి క్షణమూ ఇలాగే గడిచింది.

ఈ అడుగు దగ్గర తొందరపడకండి. కుడి కన్ను అయ్యాక కాగితాన్ని తిప్పి ఎడమ కంటితో చేయండి. చుక్క బదులు రూపాయి బిళ్ల పెట్టి, ఏ దూరంలో మాయమవుతుందో చూడండి. పక్కవాళ్లతో చేయించి, చుక్క ఉన్న చోట ఏం కనిపిస్తోందో వాళ్ల మాటల్లోనే చెప్పించి రాసుకోండి. ఈ ఒక్క ప్రయోగం ఒంటపడితే మిగతా అడుగులన్నీ తేలికవుతాయి.

రెండో అడుగు: అద్దం, గడియారం

అద్దానికి దగ్గరగా నిలబడి మీ ఎడమ కన్నును చూడండి, తర్వాత కుడి కన్నును చూడండి, మళ్లీ ఎడమ. ఎన్నిసార్లు చేసినా మీ కళ్లు కదలడం మీకు కనబడదు. పక్కనున్నవాళ్లకు స్పష్టంగా కనబడుతుంది. చూపు ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకే ఆ కాస్త సేపు మెదడు దృశ్యాన్ని అణిచేస్తుంది, లేకపోతే లోకమంతా అలుక్కుపోయి కళ్లు తిరుగుతాయి. మన చూపు సెకనుకు సుమారు మూడుసార్లు ఇలా దూకుతుంది. అన్నిచోట్ల తెగిన దృశ్యాన్ని మనం తెగని ప్రవాహంలా అనుభవిస్తున్నాం.

తెగిన చోట్లను మెదడు ఎలా అతుకుతుందో గడియారం చూపిస్తుంది. వేరే ఎటో చూస్తూ ఉండి, చటుక్కున సెకన్ల ముల్లు వైపు తిరగండి. కొన్నిసార్లు మొదటి సెకను మిగతావాటికంటే పొడుగ్గా, ముల్లు ఆగిపోయిందేమో అన్నట్టుగా ఉంటుంది. చూపు దూకిన సమయాన్ని కూడా మెదడు ఆ మొదటి సెకను ఖాతాలోనే వేస్తుంది. కీలన్ యారో, ఆయన తోటి పరిశోధకులు 2001లో నేచర్ పత్రికలో దీన్ని వివరించారు. కాలాన్ని కూడా మనసు సవరిస్తుందని గోడ గడియారం దగ్గర తెలుసుకోవడం నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

మూడో అడుగు: చేతులను అడగండి

ఒక గిన్నెలో చెయ్యి కాలనంత వేడి నీళ్లు, ఒకదానిలో చల్లని నీళ్లు, మధ్య గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు పోయండి. ఒక చెయ్యి వేడి నీళ్లలో, ఒక చెయ్యి చల్లని నీళ్లలో ఒక నిమిషం ఉంచి, రెండింటినీ కలిపి మధ్య గిన్నెలో పెట్టండి. ఒకే నీళ్లు ఒక చేతికి చల్లగా, ఒక చేతికి వేడిగా తగులుతాయి. జాన్ లాక్ 1690లో ఈ ఉదాహరణే చెప్పాడు. తర్వాత చూపుడు వేలి మీదికి మధ్య వేలిని మెలివేసి, కళ్లు మూసుకుని, రెండు వేళ్ల కొసల మధ్య శనగ గింజను దొర్లించండి. రెండు గింజలున్నట్టు తెలుస్తుంది. ఇది అరిస్టాటిల్ రాతల్లోనే ఉన్న పాత ప్రయోగం. వేళ్లు మామూలుగా ఉన్నప్పుడు వాటి బయటి అంచులకు ఒకేసారి ఒకే గింజ తగలదు కాబట్టి, మెదడు ఆ అలవాటు లెక్క ప్రకారమే రెండని తీర్పు చెబుతుంది. ఒకటేనని మీకు తెలిసినా ఆ తీర్పు మారదు. దీన్ని నోట్‌బుక్‌లో రాసుకోండి: తెలిసినంత మాత్రాన అనుభవం మారదు.

ఇలాంటివన్నీ చూశాకే జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్ 1860లలో ఒక మాట తేల్చాడు. ఇంద్రియాలు ఇచ్చే అరకొర ఆనవాళ్ల నుంచి, మనకు తెలియకుండానే మనసు ఒక నిర్ణయానికి వస్తుందని, ఆ నిర్ణయాన్నే మనం చూడటం అంటున్నామని ఆయన అభిప్రాయం. ఈ కాలపు మెదడు శాస్త్రంలో బలంగా ఉన్న సిద్ధాంతాల్లో ఒకటి దీనికే కొనసాగింపు: మెదడు ముందుగానే ఒక అంచనా వేసుకుని, బయటి నుంచి వచ్చే సంకేతాలతో దాన్ని సరిచూసుకుంటూ ఉంటుంది. మసక వెలుతురులో తాడును చూసి పామనుకోవడం గురించి అద్వైతులు శతాబ్దాల కిందటే చర్చించారు. వాళ్ల గమ్యం వేరు, కానీ పామును ఎవరు తయారుచేశారనే ప్రశ్న అదే.

నాలుగో అడుగు: చెవులతో గోవింద్‌పూర్ బజారుకు వెళ్లండి

ఈ అడుగుకు మా ఊరిని మించిన చోటు లేదు. హిందీ, బెంగాలీ, ఒడియా, భోజ్‌పురి, సంతాలీ, హో, తెలుగు, పంజాబీ, అన్నీ ఒకే కూరగాయల వరస ముందు వినబడతాయి. మీకు రాని భాష మాట్లాడుతున్న ఇద్దరి దగ్గర కాసేపు ఆగండి. సంతాలీ రాదనుకుందాం. ఒక మాట ఎక్కడ ముగిసింది, ఇంకో మాట ఎక్కడ మొదలైంది చెప్పగలరా? చెప్పలేరు, ధార ఆగకుండా పోతున్నట్టే ఉంటుంది. వాళ్లు చాలా వేగంగా మాట్లాడుతున్నారనిపిస్తుంది. తెలుగు విన్న భోజ్‌పురి చాచీ కూడా మన గురించి సరిగ్గా ఇదే అంటుంది.

నిజానికి ఏ భాషలోనైనా మాటకూ మాటకూ మధ్య నిశ్శబ్దం చాలా తక్కువ. మాట్లాడేటప్పుడు వెలువడే శబ్దాన్ని యంత్రం మీద గీయిస్తే మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. తెలుగులో మనకు విడివిడిగా వినబడే మాటల మధ్య ఖాళీలను మన చెవి కాదు, మన భాష పెడుతోంది.

ఈ తయారీ ఎంత చిన్నతనంలో మొదలవుతుందో 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ కెనడాలో చూపించారు. వాళ్లు పరీక్షకు ఎంచుకున్న వాటిలో హిందీలోని త, ట తేడా ఒకటి. మనకు ఆ రెండూ వేరని వేరే చెప్పక్కర్లేదు. ఇంగ్లీషు మాత్రమే వింటూ పెరిగే పిల్లలు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో ఆ తేడాను పట్టగలిగారు. ఏడాది నిండేసరికి వాళ్లలో చాలామందికి ఆ పట్టు పోయింది. చెవులు చెడలేదు. తన చుట్టూ ఉన్న భాషకు అక్కర్లేని తేడాను మెదడు పక్కన పెట్టింది. మనం కూడా పుట్టిన మొదటి ఏడాదిలో ఇలా ఎన్నో తేడాలను వదిలేసి, మన భాషకు పనికొచ్చేవే ఉంచుకుని పెద్దవాళ్లమయ్యాం.

బజారులోనే ఇంకొకటి గమనించండి. చుట్టూ హిందీ హోరులో నడుస్తుంటే, ఎక్కడో నాలుగు దుకాణాల అవతల ఎవరో "ఏవండీ, ఇటు రండి" అంటే చెవి టక్కున అటు తిరుగుతుంది. అంతవరకు వినబడని గొంతు అది. జనసందోహంలో మనిషి ఒక గొంతును ఎలా పట్టుకుంటాడన్న దాని మీద కాలిన్ చెర్రీ 1953లో ప్రయోగాలు చేశాడు. 1959లో నెవిల్ మోరే ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఒక చెవి మాటలే వినమని చెప్పి, రెండో చెవిలో వినేవాళ్ల పేరే పలికిస్తే సుమారు మూడో వంతు మంది పట్టుకున్నారు. అంటే వదిలేసిన శబ్దాలను కూడా మనసు ఏదో ఒక స్థాయిలో జల్లెడ పడుతూనే ఉంది. తరతరాలుగా పరాయి భాషల మధ్య ఉంటున్న మన తెలుగువాళ్ల చెవుల్లో ఈ జల్లెడ ఎంత పదునెక్కి ఉంటుందో, బిష్టుపూర్ ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం గుమ్మంలో కాసేపు నిలబడితే మీకే తెలుస్తుంది.

ఐదో అడుగు: ఫాటక్ దగ్గర చూపును పరీక్షించుకోండి

రైలు గేటు పడినప్పుడు విసుక్కోకుండా ఆ సమయాన్ని వాడుకోండి. మొదట తెల్ల బండ్లు మాత్రమే లెక్కపెట్టండి. గేటు లేచాక, ఎర్ర చీరలు కట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని మిమ్మల్ని మీరే అడగండి. చాలాసార్లు జవాబు ఉండదు. కళ్లు తెరిచే ఉన్నాయి, వెలుగు పడుతూనే ఉంది, కానీ ఎర్ర రంగు మీ అనుభవంలోకి రాలేదు.

1999లో హార్వర్డ్‌లో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ షబ్రీ చేసిన ప్రయోగం దీనికి పెద్ద సాక్ష్యం. బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెట్టమని చెప్పి ఒక వీడియో చూపించారు. మధ్యలో గొరిల్లా వేషం వేసిన మనిషి ఆటగాళ్ల నడుమకు వచ్చి, గుండెలు బాదుకుని వెళ్లిపోయాడు. చూసినవాళ్లలో సుమారు సగం మందికి గొరిల్లా కనబడనే లేదు.

ఇది వినోదానికి చెప్పింది కాదు. టెల్కో రోడ్డు మీద షిఫ్టు మారే వేళ లారీలు, సైకిళ్లు, మోటార్‌సైకిళ్లు ఒకేసారి పడతాయి. మలుపు తిరిగే డ్రైవరు కార్లకోసం, లారీలకోసం చూస్తాడు. ఎదురుగా వస్తున్న మోటార్‌సైకిల్ మీద చూపు పడినా మనసులోకి ఎక్కకపోవచ్చు. ప్రమాదం జరిగాక "చూశానండీ, ఎవరూ లేరు" అనే డ్రైవరు అబద్ధం ఆడుతున్నాడని అనుకోనక్కర్లేదు. అతని అనుభవంలో నిజంగానే ఎవరూ లేరు. అందుకని మలుపు దగ్గర రెండోసారి చూడండి, ఆ రెండోసారి ప్రత్యేకంగా ద్విచక్ర వాహనాల కోసమే చూడండి. దేనికోసం వెతుకుతామో అది కనబడే అవకాశం పెరుగుతుంది. ఈ వ్యాసంలో ప్రాణం నిలబెట్టగల సలహా ఏదైనా ఉందంటే ఇదే.

టాటానగర్ స్టేషన్‌లో ఆగి ఉన్న రైల్లో కూర్చున్నప్పుడు పక్క ప్లాట్‌ఫారం రైలు కదిలితే మన రైలే కదిలినట్టు ఒంట్లో తెలిసే కుదుపును కూడా నోట్‌బుక్‌లో చేర్చుకోండి. ఒళ్లు కదలడం కూడా కొంతవరకు కంటిని బట్టి మెదడు చెప్పే మాటే.

ఆరో అడుగు: నొప్పి, నమ్మకం

దీన్ని ఇంట్లో ప్రయోగంగా చేయకండి, చదివి ఊరుకోండి. కార్ఖానాల ఊరిలో చెయ్యో వేలో పోయిన మనుషులు కొత్త కాదు. తెగిపోయిన చెయ్యి ఇంకా ఉన్నట్టు, పిడికిలి బిగుసుకుపోయి భరించలేని నొప్పి పెడుతున్నట్టు వాళ్లలో చాలామందికి తెలుస్తుంది. తమిళనాడులో పుట్టి అమెరికాలో స్థిరపడిన వి.ఎస్. రామచంద్రన్ 1990లలో ఒక పెట్టెలో నిలువుగా అద్దం పెట్టి, ఉన్న చేతి ప్రతిబింబం లేని చేతి స్థానంలో కనబడేలా చేశారు. ఉన్న చెయ్యి పిడికిలి విప్పితే లేని చెయ్యి కూడా విప్పినట్టు కనిపిస్తుంది. కొందరికి బిగుసుకున్న ఆ పిడికిలి సడలింది, నొప్పి తగ్గింది. అందరికీ కాదు. అయినా, లేని చేతి నొప్పి కంటికి కనబడిన బొమ్మతో తగ్గడమంటే మన శరీరం కూడా మనకు మనసు కట్టి ఇచ్చిన రూపంలోనే తెలుస్తోందని ఒప్పుకోవాల్సి వస్తుంది.

మందు లేని మాత్రతో ఉపశమనం కలగడం అందరికీ తెలిసిందే. 2010లో టెడ్ కాప్చుక్ బృందం ఇందులోనే కొత్త సంగతి పరీక్షించింది. పేగుల బాధతో ఉన్న 80 మందిలో కొందరికి మాత్రలిచ్చి, వీటిలో మందు లేదని ముందే చెప్పారు. అయినా, ఏ మాత్రా తీసుకోనివాళ్ల కంటే వాళ్లు ఎక్కువ ఉపశమనం చెప్పుకున్నారు. ఇక్కడ హద్దు గుర్తుపెట్టుకోండి. మారింది బాధ అనుభవం. మందులేని మాత్ర చక్కెర జబ్బుకు ఇన్సులిన్ పని చేయదు, కణితిని కరిగించదు. మంచి ఆలోచనలు చేయకపోవడం వల్లే జబ్బు తగ్గలేదని రోగితో అనేవాళ్లను దగ్గరికి రానివ్వకండి. అది విజ్ఞానం కాదు, వేదాంతమూ కాదు, క్రూరత్వం.

ఇదే చోట క్వాంటం భౌతికశాస్త్రం మాట కూడా చెప్పాలి. చూసేవాడి చైతన్యం వల్లే కణాలు రూపం దాల్చుతాయని, అందుకే సంకల్పంతో లోకాన్ని మార్చొచ్చని చాలామంది చెబుతున్నారు. ఆ శాస్త్రంలో పరిశీలన అంటే కొలిచే పరికరంతో కణం తారసపడటం. గదిలో మనిషి లేకపోయినా పరికరం తన పని చేస్తుంది. నోబెల్ బహుమతి పొందిన యూజీన్ విగ్నర్ 1961లో చైతన్యానికి అక్కడ పాత్ర ఉందని వాదించిన మాట నిజమే. తర్వాత ఆయనే ఆ అభిప్రాయాన్ని వదులుకున్నారు. మనకు చైతన్యం ప్రభావం కావాలంటే కణాల దాకా పోనక్కర్లేదు, నోట్‌బుక్ గీతల మీదే కనిపించింది.

ఏడో అడుగు: నలుగురూ కలిసి కట్టే లోకం

ఇంతవరకు ఒక్క మనిషి సంగతి. పదిమంది ఒకే అంచనాను పట్టుకుంటే ఏమవుతుందో తెలుసుకోవడానికి జార్ఖండ్‌లో దూరం వెళ్లక్కర్లేదు. మా పక్క జిల్లా సరాయ్‌కేలా-ఖర్సావాన్‌కు చెందిన ఛుట్నీ మహతోను 1995లో ఊరివాళ్లు డాయిన్ అని, అంటే మంత్రగత్తె అని ముద్రవేసి హింసించారు. ఆమె పిల్లలతో ఊరు విడిచి పారిపోవాల్సి వచ్చింది. తర్వాతి జీవితమంతా ఆమె అలాంటి ముద్ర పడిన ఆడవాళ్లను కాపాడటానికే పెట్టారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. బీహార్‌లో 1999లో ఈ దురాచారం మీద చట్టం వచ్చింది, రాష్ట్రం విడిపోయాక 2001లో జార్ఖండ్ దాన్నే స్వీకరించింది.

చేతబడి, బాణామతి పేర్లతో ఇలాంటి దారుణాలు మన తెలుగు నేల మీదా జరిగాయి, ఇంకా జరుగుతున్నాయి. కాబట్టి ఇది జార్ఖండ్ అడవుల సంగతిగా చదవకండి. దీని నడక చూడండి. ఒక ఇంట్లో జ్వరం వస్తుంది, లేదా పశువు చస్తుంది. కారణం తెలియదు. ఓఝా, అంటే ఊరి భూతవైద్యుడు, ఒక పేరు చెబుతాడు. ఆ క్షణం నుంచి ఆ ఆడమనిషి చేసే ప్రతి పనీ ఆ పేరులో నుంచే కనబడుతుంది. ఆమె చూస్తే దిష్టి పెట్టింది. చూడకపోతే మొహం చాటేసింది. మాట్లాడకపోతే ఏదో జపిస్తోంది. ఏడిస్తే దొరికిపోయింది. ఊరివాళ్లకు ఆమె నిజంగానే భయంకరంగా కనబడుతుంది. నటన కాదు, మొదటి అడుగులో మాయమైన చుక్క మీద గీతలు ఎంత స్పష్టంగా కనిపించాయో ఇదీ అంతే స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే వాదనతో ఆ గుంపును ఆపడం అంత కష్టం. తాము అనుకుంటున్నామని వాళ్లకు తెలియదు, చూస్తున్నామనే అనుకుంటారు.

మన మాటను బలపరిచే ఆనవాళ్లనే వెతుక్కుంటాం, కాదనేవాటిని వెతకం అని పీటర్ వేసన్ 1960లో చేసిన చిన్న అంకెల ప్రయోగం చూపించింది. చదువుకున్న విద్యార్థులే అందులో తప్పటడుగు వేశారు. చదువు ఒక్కటే ఈ జబ్బుకు మందు కాదు. కులం గురించి, మతం గురించి, అద్దెకు దిగిన కొత్త కుటుంబం గురించి, ఆదివాసీ పొరుగువాడి గురించి మనకున్న చూపు ఇదే యంత్రం నుంచి వస్తోంది. చైతన్యం వాస్తవాన్ని తీర్చిదిద్దుతుందన్న మాటకు నేను ఇచ్చే అర్థంలో అన్నిటికంటే బరువైన భాగం ఇదే. ధ్యానంలో కలిగే వెలుగుల కంటే ముందు, ఎదుటి మనిషిని మన మనసు ఏం చేసి చూపిస్తోందో చూసుకోవాలి.

చేయాల్సిన పని ఇది. నోట్‌బుక్ పేజీని మూడు గడులుగా గీయండి: చూసింది, అనుకున్నది, తెలుసుకున్నది. ఎవరి మీదైనా కోపమో భయమో కలిగిన రోజు పడుకునే ముందు రాయండి. ఉదాహరణకు ఎదురింటి చాచాజీ పలకరించకుండా వెళ్లిపోయారు. మొదటి గడిలో వీడియో కెమెరా పట్టగలిగినది మాత్రమే ఉండాలి: "సాయంత్రం 6 గంటలకు గేటు దగ్గర నమస్తే అన్నాను. ఆయన తల తిప్పలేదు. స్కూటర్ మీద వెళ్లిపోయారు." రెండో గడిలో: "నీళ్ల పైపు గొడవ మనసులో పెట్టుకున్నారు, నన్ను లెక్కచేయడం లేదు." మొదటి గడిలో "కోపంగా వెళ్లిపోయారు" అని రాస్తే కొట్టేయండి, కోపం రెండో గడిలోది. ఈ ఒక్క మాటను సరైన గడిలో పెట్టడం నేర్చుకోవడానికే చాలామందికి వారాలు పడుతుంది. మూడో గడి అప్పుడు ఖాళీగా ఉంటుంది. మర్నాడు ఆయన్ను అడిగాకే అది నింపాలి. హెల్మెట్‌లో వినబడలేదేమో. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదేమో. నిజంగానే కోపమేమో, అది కూడా అడిగితేనే తెలుస్తుంది.

ఎనిమిదో అడుగు: పేరు పెట్టకుండా చూడటం

ఇది ఒంటరిగా చేసేది. రోజూ ఒకే సమయంలో, డాబా మీదో వరండాలోనో పది నిమిషాలు కూర్చోండి. దల్మా కొండల వైపు ఆకాశమో, పెరట్లో మునగచెట్టో, దూరంగా పోయే గూడ్సు బండి చప్పుడో, ఏదైనా ఒకటి చాలు. చూస్తున్నదానికి మనసు పేరు అంటిస్తుంది, బాగుందని బాగాలేదని తీర్పు చెబుతుంది, పాత జ్ఞాపకాన్ని తెచ్చి పక్కన పెడుతుంది. ఆపడానికి ప్రయత్నించకండి. అంటించడాన్ని కూడా గమనించండి. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి దశాబ్దాల పాటు దేశదేశాల్లో మాట్లాడింది ఎక్కువగా ఈ విధమైన చూపు గురించే. గురువు కావాలని, పద్ధతి కావాలని అడిగినవాళ్లకు ఆయన రెండూ ఇవ్వలేదు.

ఇక్కడ మన విశాఖపట్నాన్ని కూడా తలచుకోవాలి. 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కోనేరు రామకృష్ణారావు మనస్తత్వ, పరామనోవిజ్ఞాన శాఖను నెలకొల్పారు. అతీంద్రియ శక్తుల మీద ఆయన రంగం చెప్పిన ఫలితాలను శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు, నాకూ అవి నమ్మకం కలిగించలేదు. కానీ పాశ్చాత్యులు చైతన్యాన్ని ఎప్పుడూ దేని గురించో ఉండే ఎరుకగా చూస్తారని, భారతీయ సంప్రదాయం ఏ విషయమూ లేని శుద్ధ చైతన్యం గురించి కూడా అడుగుతుందని ఆయన గట్టిగా వాదించారు. ఆ ప్రశ్న విలువైనది. మెదడు బొమ్మను ఎలా కడుతుందో శాస్త్రం చాలా చెప్పింది. ఆ బొమ్మ ఎవరికో అనుభవం కావడం అసలు ఎందుకు జరుగుతుందో ఇంకా తేలలేదు. 1990ల నుంచి డేవిడ్ చామర్స్ దీన్నే కఠిన సమస్య అంటున్నారు. వరండాలో పది నిమిషాలు కూర్చున్నవాళ్లకు ఆ సమస్య ఏమిటో పుస్తకం లేకుండానే అందుతుంది.

ఒక జాగ్రత్త. ఈ అభ్యాసాల వల్ల నిద్ర చెడినా, లోకమంతా అబద్ధమనే దిగులు వదలకుండా పట్టుకున్నా వెంటనే ఆపేయండి. ఇంట్లో ఎవరికైనా లేని గొంతులు వినబడుతుంటే, ఎవరో తరుముతున్నారని గట్టిగా నమ్ముతుంటే ఈ వ్యాసం వాళ్లకోసం కాదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. రాంచీ దగ్గర కాంకేలో 1918 నుంచి పనిచేస్తున్న కేంద్రీయ మానసిక వైద్య సంస్థ ఉంది. దేశంలో ఎక్కడి నుంచైనా 14416కు ఫోన్ చేస్తే టెలిమానస్ సలహాదారులు మాట్లాడతారు. ఓఝా దగ్గరికి మాత్రం వద్దు, ఏడో అడుగు చదివారు కదా.

మూడు గడుల నోట్‌బుక్‌ను నెల తర్వాత తిరగేయండి. మూడో గడి ఇంకా ఖాళీగా ఉన్న పేజీలకు మూల మడిచి పెట్టండి. వాటిలో మనుషుల పేర్లున్న పేజీలు ముందు తీసుకుని, ఆ వారంలోనే వాళ్లింటికి వెళ్లి అడగండి. వెళ్లడానికి మనసొప్పని పేరు ఏదైనా ఉంటే దానితోనే మొదలుపెట్టండి.